పొడుగాటి కొండ నీడలో: బుకిట్ పంజాంగ్ పరిసరాల్లో చూడదగ్గ చోట్ల చరిత్ర

సింగపూర్ ద్వీపంలో వాయవ్య దిక్కున ఉన్న బుకిట్ పంజాంగ్ పేరుకు మలయ భాషలో ‘పొడుగాటి కొండ’ అని అర్థం. ఇవాళ అక్కడ రైలు దిగినవారికి కొండకంటే ముందు ఇళ్ళే కనిపిస్తాయి. 1980ల నుంచి కట్టుకుంటూ వచ్చిన బహుళ అంతస్తుల సముదాయాలూ, వాటి నడుమ స్తంభాలమీద చోదకుడు లేకుండా తిరిగే చిన్న రైలూ. ఆ రైలు 1999 నవంబరు 6న మొదలైంది. ఈ ఊరికి ఆగ్నేయంగా, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్నది బుకిట్ తిమా. దాని ఎత్తు 163.63 మీటర్లు. సింగపూర్ మొత్తానికీ అంతకంటే ఎత్తైన సహజమైన చోటు లేదు.

గోల్కొండ కోట కట్టిన గుట్ట దాదాపు 120 మీటర్లు. ఆ లెక్కన బుకిట్ తిమా తెలుగువారి కళ్ళకు ఒక మోస్తరు గుట్ట మాత్రమే. స్విట్జర్లాండ్‌లో యూంగ్‌ఫ్రౌయోఖ్ రైలు స్టేషన్ సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉంది. ఇరవై ఒక్క బుకిట్ తిమాలను ఒకదానిమీద ఒకటి పేర్చినా ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం అందదు. అయినా ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూడడానికి కారణముంది. కొండను ‘చూడదగ్గ చోటు’గా మార్చే ప్రయత్నం రెండింటిలోనూ 19వ శతాబ్దంలోనే ఊపందుకుంది. రెండింటి చరిత్రలోనూ ఊపిరితిత్తుల జబ్బు ఉంది, పాలు ఉన్నాయి, రాయి తొలిచిన కూలీలు ఉన్నారు. ఒకచోట కొండను నిలబెట్టి అమ్ముకున్నారు, మరొకచోట కొండను పగలగొట్టి అమ్ముకున్నారు. మిగిలిన ముక్కను కాపాడుకోవడం తరువాతి కథ.

కొండ దృశ్యంగా మారిన వైనం

తెలుగువారికి కొండ ప్రధానంగా క్షేత్రం. తిరుమల, శ్రీశైలం, సింహాచలం, అన్నవరం, యాదగిరిగుట్ట, ఎక్కడికి వెళ్ళినా పైన ఉన్న దైవం కోసమే ఎక్కారు. దారిలోని జలపాతమూ లోయా యాత్రాఫలంలో భాగమే గాని గమ్యం కాదు. పైన గుడి లేని కొండను గాలికోసం, చూపుకోసం ఎక్కే అలవాటు చాలావరకు దొరల పాలనలో వచ్చింది. కడప జిల్లా కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో మదనపల్లె దగ్గరి కొండమీద వేసవి బంగళా కట్టుకున్నాడు. ఆ కొండకు ఆయన పేరే నిలిచిపోయింది.

ఐరోపాలోనూ ఈ అలవాటు అనాదిగా ఉన్నది కాదు. ఆల్ప్స్ పర్వతాలు చాలాకాలం బాటసారులకు భయకారణాలు. బెర్న్ నగరానికి చెందిన ఆల్‌బ్రెఖ్ట్ ఫాన్ హాలర్ 1732లో ఆల్ప్స్‌మీద తన కావ్యాన్ని ప్రచురించాక చదువుకున్నవారి దృష్టి అటు మళ్ళింది. హాలర్ వృత్తిరీత్యా వైద్యుడు, శరీరధర్మశాస్త్రంలో పెద్ద పేరు. 1863లో టామస్ కుక్ ఇంగ్లండు నుంచి మొదటి బృందాన్ని స్విట్జర్లాండ్‌కు తీసుకువెళ్ళాడు. 1871లో రీగి కొండమీదికి పళ్ళ పట్టాల రైలు నడిచింది. ఐరోపాలో ఆ తరహా కొండరైలు అదే మొదటిది. 1912లో యూంగ్‌ఫ్రౌ రైలు పదహారేళ్ళ తవ్వకం తరువాత పైదాకా చేరింది.

ఈ కథకు సమాంతరంగా నడిచింది వైద్యం. అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే జర్మన్ వైద్యుడు రాజకీయ శరణార్థిగా వచ్చి 1853లో దావోస్‌లో పనిలో చేరాడు. ఆ లోయవాసుల్లో క్షయ అరుదుగా ఉండడం గమనించాడు. 1865 చలికాలంలో మొదటి రోగులు అక్కడికి వచ్చారు. క్రిమి కనుక్కోకముందే, మందు పుట్టకముందే కొండగాలే చికిత్స అయింది. రోగుల వెంట బంధువులు, వారికోసం హోటళ్ళు, హోటళ్ళ కోసం రైళ్ళు వచ్చాయి. 20వ శతాబ్దం మధ్యలో స్ట్రెప్టోమైసిన్, దాని తోడు మందులు క్షయను లొంగదీశాక ఆ శానటోరియంలు ఒక్కొక్కటే హోటళ్ళుగా మారాయి. పర్యాటకులు ఇవాళ దిగే గదుల్లో కొన్ని ఒకప్పుడు రోగుల గదులే.

1843: శిఖరానికి దారి

బుకిట్ తిమా శిఖరానికి 1843లో దారి వేశారు. పైన కూర్చోవడానికి చెక్కబల్లలు అమర్చారు. ఉద్దేశం దావోస్‌లో లాంటిదే: ఊళ్ళో ఉక్కలో మగ్గేవారికి చల్లగాలి, నలువైపులా చూపు. రీగి రైలుకంటే ఇరవై ఎనిమిదేళ్ళ ముందు ఇక్కడ ‘వ్యూ పాయింట్’ వెలిసిందన్నమాట.

అయితే అక్కడికి చేరడమే గండం. ఊరినుంచి ద్వీపం ఉత్తరపుకొసన ఉన్న క్రాంజీ దాకా బుకిట్ తిమా రోడ్డు 1845 నాటికి పూర్తయింది. వేసినవారు భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీలు. 1825 నుంచి 1873 దాకా సింగపూర్ భారతీయ ఖైదీల ద్వీపాంతరవాస స్థలం. బెంగాలు, బొంబాయి ప్రెసిడెన్సీలతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీనుంచీ వారిని పంపేవారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అడవి నరికి, చిత్తడినేల పూడ్చి, రాయి కొట్టి ఆ ఖైదీలు వేసిన దారే నేటికీ సింగపూర్ ప్రధాన రహదారుల్లో ఒకటి.

దారికి రెండువైపులా గాంబియర్, మిరియాల తోటలు ఉండేవి. గాంబియర్ అంటే ఆకులను ఉడికించి తోళ్ళ పదునుకు వాడే సారం తీసే మొక్క. ఉడికించడానికి కట్టెలు కావాలి కాబట్టి తోట ఎంత పెరిగితే అడవి అంత తరిగింది. అడవి తరిగినకొద్దీ పులులూ కూలీలూ ఎదురుపడ్డారు. ఆ రోజుల్లో పులుల బారిన సగటున రోజుకో చైనీయ కూలీ చనిపోతున్నాడని చెప్పుకునేవారు. ఆ సంగతిని ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ తన గ్రంథంలో నమోదు చేశాడు. పులులను పట్టడానికి తవ్విన గోతులు అడవిలో నడిచేవారికి ఇంకో ప్రమాదం. సింగపూర్‌లో చివరి అడవిపులిని 1930లో చువా చు కాంగ్ ప్రాంతంలో కాల్చారు. ఆ ప్రాంతం బుకిట్ పంజాంగ్‌కు పొరుగే.

చదరపు మైలు అడవి, ఏడువందల పెంకుపురుగులు

1854 సెప్టెంబరులో ఆల్‌ఫ్రెడ్ విల్స్ అనే ఆంగ్ల న్యాయవాది స్విట్జర్లాండ్‌లోని వెటర్‌హార్న్ శిఖరం ఎక్కాడు. పర్వతారోహణ స్వర్ణయుగం ఆ రోజుతో మొదలైందని ఆ చరిత్రకారులు లెక్కిస్తారు. అదే ఏడాది ఏప్రిల్‌లో వాలెస్ సింగపూర్‌లో ఓడ దిగాడు. ఒకరు శిఖరం వెతుక్కుంటూ మంచు ఎక్కితే, ఇంకొకరు పురుగులు వెతుక్కుంటూ 163 మీటర్ల గుట్ట దగ్గర బస చేశారు.

వాలెస్ దిగిన చోటు బుకిట్ తిమాలోని ఫ్రెంచి క్రైస్తవ మిషన్. 1846లో స్థాపించిన సెయింట్ జోసెఫ్ చర్చి పేరుతో అది ఇప్పటికీ ఎగువ బుకిట్ తిమా రోడ్డులో ఉంది. అక్కడ సుమారు రెండు నెలల్లో ఆయన 700 జాతుల పెంకుపురుగులను సేకరించాడు. వాటిలో పొడుగు మీసాల రకాలే 130. దాదాపు అన్నీ చదరపు మైలు దాటని ఒకే అడవిముక్కలో దొరికాయి. ఇన్ని ఒకచోట దొరకడానికి వాలెస్ చెప్పిన కారణాల్లో ఒకటి ఆలోచింపజేస్తుంది. చైనీయ కట్టెకోతగాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి చెట్లు కూల్చడంవల్ల ఎండిన ఆకులు, బెరడు, రంపపుపొట్టు ఎప్పుడూ పుష్కలంగా ఉండేవి. పురుగులకు అదే ఆహారం. అంటే శాస్త్రజ్ఞుడు చూసిన వైభవానికి అడవి విధ్వంసమే కొంత కారణం. ఆయనకు అందిన సంపద తరిగిపోతున్న అడవి చివరి విందు.

ఆ తరువాత తూర్పుదీవుల్లో ఎనిమిదేళ్ళు తిరిగి, ప్రకృతివరణ సిద్ధాంతానికి డార్విన్‌తో సమానంగా చేరుకున్న వాలెస్, వృద్ధాప్యంలో స్విట్జర్లాండ్‌కూ వెళ్ళాడు. 1896లో దావోస్‌లో ఆయన చేసిన ప్రసంగం తరువాత 19వ శతాబ్దపు విజ్ఞానంమీద ఒక పుస్తకానికి బీజమైంది. ఈ వ్యాసంలోని రెండు కొండసీమలనూ ఎరిగిన సాక్షి ఆయనే.

ఉష్ణదేశంలో స్విస్ నీడలు

స్విట్జర్లాండ్ మనుషులు కూడా ఈ కొండవైపు వచ్చారు. సింగపూర్‌లో వ్యాపారం చేసే స్విస్‌వారు 1871లో తుపాకిగురి సాధన కోసం ఒక క్లబ్బు పెట్టుకున్నారు. రీగి రైలు నడిచిన ఏడూ అదే. 20వ శతాబ్దం ఆరంభంలో ఆ క్లబ్బు బుకిట్ తిమా ప్రాంతపు గుట్టలమీదికి మారింది. అక్కడి దారిపేరు నేటికీ స్విస్ క్లబ్ రోడ్. ఉత్తరాన పినాంగ్‌లో కొండరైలు వేయదలచుకున్నప్పుడు ఇంజనీరు స్విట్జర్లాండ్ పద్ధతులు అధ్యయనం చేసి వచ్చి, 1923లో ఆ పని పూర్తిచేశాడు.

అయితే స్విట్జర్లాండ్ పేరు ఉష్ణదేశాల సామాన్యుల ఇళ్ళలోకి చేరింది రైళ్ళతో కాదు, పాలడబ్బాలతో. 1866లో స్విట్జర్లాండ్‌లోని షామ్ పట్టణంలో ఆంగ్లో-స్విస్ కండెన్స్‌డ్ మిల్క్ కంపెనీ మొదలైంది. తెలుగు ఇళ్ళలో పాయసానికీ మిఠాయిలకూ వాడే మిల్క్‌మెయిడ్ ఆ కంపెనీ ముద్రే. 1905లో అది నెస్లేతో కలిసింది. పచ్చికలేని రేవుపట్టణాల్లో పాడిలేని జనానికి చక్కెరపాకంతో చిక్కబడిన ఆ పాలు పాలుగా చెల్లుబాటయ్యాయి. పసిపిల్లలకు మాత్రం అవి ప్రమాదకరం. చక్కెర ఎక్కువ, విటమిన్లు తక్కువ, కలిపే నీరు శుభ్రమైనది కాకపోతే విరేచనాలు. క్వాషియోర్కర్ వ్యాధిని వైద్యలోకానికి పరిచయం చేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ అప్పట్లో సింగపూర్‌లో పనిచేస్తున్నారు. 1939లో అక్కడి రోటరీ క్లబ్బులో ‘పాలు, హత్య’ అనే శీర్షికతో ఆమె ప్రసంగించారు. తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు అలవాటు చేసే ప్రచారాన్ని ఆ ప్రసంగంలో తీవ్రంగా ఖండించారు. శిశుపోషణ చరిత్రలో అదొక మైలురాయి.

తాజాపాల కోసం మరో ప్రయత్నం బుకిట్ పంజాంగ్ పక్కనే జరిగింది. కోల్డ్ స్టోరేజ్ కంపెనీ 1930 ప్రాంతంలో బుకిట్ తిమా కొండవాలున పాడిక్షేత్రం నెలకొల్పింది. చలిదేశాల ఫ్రీజియన్ ఆవులను తెచ్చి, వేడికి తట్టుకునేలా కొట్టాలు కట్టి, పాలు శుద్ధిచేసి ఊరికి పంపింది. ఆల్ప్స్ పచ్చికబయళ్ళ బొమ్మ డబ్బామీద ఉండగా, భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో నిజమైన ఆవులు నిజమైన కొండవాలున మేశాయి. ఆ క్షేత్రం మూతపడినా డెయిరీ ఫార్మ్ రోడ్ పేరు మిగిలింది. 2009లో ఆ చోట ప్రకృతి ఉద్యానం తెరిచారు. పాత ఆవులకొట్టాల్లో ఒకటి ఇప్పుడు వాలెస్ పేరిట విజ్ఞానకేంద్రం.

రాయి, ఊపిరి

బుకిట్ తిమా కొండ లోపలంతా గ్రానైట్. ‘తిమా’ అంటే మలయంలో తగరం. ఆ కొండలో తగరం మాత్రం లేదు. ‘తెమక్’ అనే చెట్టుపేరు అలా మారి ఉండవచ్చని ఒక అభిప్రాయం. పేరులోని లోహం దొరక్కపోయినా రాయి దొరికింది. 20వ శతాబ్దం ఆరంభం నుంచి కొండ చుట్టూ క్వారీలు వెలిశాయి. రోడ్లకు కంకర, రేవులకు బండలు, కట్టడాలకు కాంక్రీటు కావాలి. 1924లో పూర్తిగా తెరుచుకున్న జొహోర్ వారధికి వేసిన గ్రానైట్‌లో కొంత ఈ కొండదే. స్వాతంత్ర్యానంతరం ఇళ్ళనిర్మాణం వేగం పుంజుకున్నప్పుడు ఈ రాయికి గిరాకీ మరింత పెరిగింది.

రాయి పగిలితే దుమ్ము లేస్తుంది. గ్రానైట్‌లోని స్ఫటిక సిలికా రేణువులు కంటికి ఆనవు. ఊపిరితిత్తుల అట్టడుగు గాలిగదుల్లోకి చేరతాయి. వాటిని మింగి అరిగించుకోవాలని చూసిన రక్షకకణాలు తామే చస్తాయి, వాటి చుట్టూ మచ్చకట్టి కణజాలం గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. పనిమానేసిన తరువాత కూడా ముదురుతుంది. మచ్చను తిరిగి మెత్తబరిచే మందు ఇప్పటికీ లేదు. పైగా సిలికా దెబ్బతిన్న ఊపిరితిత్తికి క్షయ సోకే అవకాశం బాగా ఎక్కువ. తెలుగుదేశంలో పలకల క్వారీల, క్రషర్ల దగ్గర పనిచేసినవారిని చూసిన వైద్యులకు ఇది కొత్త సంగతి కాదు. సింగపూర్‌లోనూ గ్రానైట్ క్వారీ కార్మికుల సిలికోసిస్ 1960ల నుంచి ప్రభుత్వ వైద్యుల పరిశీలనకు వచ్చింది. అక్కడి వృత్తివ్యాధుల్లో అది చాలాకాలం ముందువరుసలో నిలిచింది. తడిపి తొలవడం, క్రషర్లకు మూతలు, క్రమంతప్పని ఎక్స్‌రేలు రావడంతోనూ, చివరికి క్వారీలే మూతపడడంతోనూ తగ్గుముఖం పట్టింది.

దావోస్‌లో కొండ ఊపిరితిత్తికి మందు. బుకిట్ తిమాలో కొండ ఊపిరితిత్తికి జబ్బు. ఒకచోట కొండను చూసినవారు డబ్బిచ్చి గాలి పీల్చుకున్నారు, ఇంకొకచోట కొండను కొట్టినవారు కూలికోసం దుమ్ము పీల్చుకున్నారు.

ఈ తేడాను దేశాల మధ్య తేడాగా తీసుకుంటే పొరపాటు. స్విట్జర్లాండ్‌లోనూ కొండ తొలిచినవారి కథ ఇంతే. 1872 నుంచి 1882 దాకా గొట్హార్డ్ సొరంగం తవ్వినవారిలో అత్యధికులు ఇటలీనుంచి వచ్చిన కూలీలు. లోపలి వేడి, తేమ, మరుగుదొడ్లు లేని ఇరుకు కలిసి సొరంగాన్ని ఉష్ణమండలంగా మార్చాయి. కూలీలు పాలిపోయి కూలిపోసాగారు. 1880లో ఎదోయార్దో పెరోన్‌చీతో దానికి కారణం కొంకిపురుగు అని తేల్చాడు. తెలుగు పల్లెల్లో చెప్పుల్లేని పాదాలగుండా ఒంట్లోకి చేరి రక్తం తాగిన పురుగూ ఆ జాతిదే. ఆల్ప్స్ గర్భంలో ఉష్ణదేశపు వ్యాధి పుట్టించినది వాతావరణం కాదు, పనిపరిస్థితులు. ఆ సొరంగం దాటించే రైలు కిటికీలోంచి చూపు అందమైనదే. దానికి ఎవరో తమ ఒంటితో మూల్యం చెల్లించారు.

యుద్ధం నడిచిన దారి

ఖైదీలు వేసిన దారిమీద 1942 ఫిబ్రవరిలో ట్యాంకులు నడిచాయి. ఫిబ్రవరి 8 రాత్రి ద్వీపం వాయవ్యతీరాన దిగిన జపాన్ సేనలు 10వ తేదీ రాత్రికి చువా చు కాంగ్ రోడ్డుమీదుగా బుకిట్ పంజాంగ్ కూడలి చేరుకున్నాయి. అడ్డుకోవడానికి నిలిచినవారిలో 19వ హైదరాబాదు రెజిమెంటు నాలుగో పటాలం ఉంది. ఆ పేరు నిజాం కంటింజెంటు వారసత్వంగా వచ్చింది. అప్పటికి సైనికులలో ఎక్కువమంది ఉత్తరాదివారు. అందుకే 1945లో ఆ రెజిమెంటు కుమావూఁ రెజిమెంటు అయింది. ట్యాంకులను ఎదుర్కొనే ఆయుధాలు చాలక ఆ వరుస చెదిరిపోయింది. మర్నాటికి బుకిట్ తిమా జపాన్ వశమైంది.

ఫిబ్రవరి 15న ఎగువ బుకిట్ తిమా రోడ్డులోని ఫోర్డ్ మోటారు కర్మాగారంలో జనరల్ పెర్సివల్ జనరల్ యమషితాకు లొంగిపోయాడు. కర్మాగారం తెరిచి అప్పటికి కొద్ది నెలలే. 2006లో ఆ భవనాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించి ప్రదర్శనశాలగా మార్చారు. బుకిట్ పంజాంగ్ నుంచి బస్సులో కొద్ది నిమిషాల ప్రయాణం.

మిగిలిన ముక్క

అడవులు తరిగిపోతున్నాయని వృక్షోద్యానం అధికారి నథేనియల్ కాంట్లీ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1880లలో అటవీ రిజర్వులు ఏర్పడ్డాయి. వాటిలో బుకిట్ తిమా ఒకటి. 1937 నాటికి తక్కిన రిజర్వుల్లో చాలావరకు ఆర్థికావసరాలకు కరిగిపోగా, మొక్కలకోసం జంతువులకోసం నిలిపి ఉంచిన మూడింట్లో బుకిట్ తిమా ఉంది. 1951లో ప్రకృతి రిజర్వుల చట్టం వచ్చింది. అయినా అంచుల్లో క్వారీ పేలుళ్ళు దశాబ్దాలపాటు సాగాయి. 1986లో బుకిట్ తిమా ఎక్స్‌ప్రెస్‌వే ఈ అడవిని నడిమధ్య జలాశయాల అడవినుంచి వేరుచేసింది. 2013లో ఆ రోడ్డుపైన 62 మీటర్ల పొడవున, మట్టిపోసి చెట్లు నాటిన వంతెన కట్టారు. అది మనుషుల కోసం కాదు, పునుగుపిల్లులూ అలుగులూ దాటడానికి. కొండవాగులో దొరికే సింగపూర్ మంచినీటి పీతకు శాస్త్రనామం పెట్టింది 1986లోనే. ప్రపంచంలో ఆ పీత సింగపూర్ వాగుల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇవాళ బుకిట్ పంజాంగ్ నుంచి బయలుదేరే నడకదారుల్లో సులువైనది పాత రైలుమార్గం. 2011 జూన్ 30న మలేసియా రైలు చివరిసారి నడిచాక పట్టాలు తీసేసి, 24 కిలోమీటర్ల దారిని పాదచారులకు వదిలారు. దానిమీద దక్షిణంగా నడిస్తే ఎడమచేతివైపు కొండ వస్తుంది. డెయిరీ ఫార్మ్ ఉద్యానం, సింగపూర్ క్వారీ, ఇంకాస్త దక్షిణాన ఉక్కువంతెన, హిండ్‌హీడ్ క్వారీ ఒకటొకటిగా తగులుతాయి. సెలవురోజు ఉదయం మొదలుపెడితే ఎండ ముదిరేలోగా శిఖరం ఎక్కి దిగవచ్చు. శిఖరంమీద ఎత్తు చెక్కిన బండ తప్ప చూపు ఎక్కువ అందదు. చెట్లు కమ్మేశాయి. 1843లో దారివేసినవారు కోరిన దృశ్యం పోయి, ఆనాడు పోతుందనుకున్న అడవి మిగలడం ఈ కొండ సాధించిన విజయం.

అసలు దృశ్యం కింద ఉంది. సింగపూర్ క్వారీ మూతపడ్డాక గొయ్యి వాననీటితో నిండింది. నిటారుగా కోసిన గ్రానైట్ గోడ పాదంవద్ద ఆకుపచ్చని నీరు, ఒడ్డున రెల్లు, పైన చక్కర్లుకొట్టే గద్దలు. స్విస్ సరస్సు ఒడ్డున నిలబడినట్టుందని ఫొటోలు తీసుకునేవారు తరచు అనుకోవచ్చు. స్విస్ సరస్సును హిమనదం వేల సంవత్సరాల్లో తొలిచింది. ఈ సరస్సును మనుషులు తమ ఊపిరి ఖర్చుపెట్టి ఒక జీవితకాలంలో తొలిచారు. వారు కొట్టిన రాయి సింగపూర్ కింద, ఆ దేశపు రోడ్లకింద, గోడల్లో ఉంది. వారు వదిలిన ఖాళీ ముందు నిలబడి సందర్శకులు దీర్ఘంగా శ్వాస తీసుకుంటారు.